ఎయిర్ ప్యూరిఫైయర్ పనిచేస్తోందో లేదో మన గదిలోనే పరీక్షించుకునే పద్ధతి

నల్లగొండ జిల్లాలో పుట్టి పెరిగిన వారికి నీటిని అనుమానించడం ఒకరు నేర్పనక్కరలేదు. బోరు నీళ్లు ఎంత తేటగా కనిపించినా, ఎంత తియ్యగా ఉన్నా, సీసాలో పట్టి పరీక్షకు పంపి, లీటరుకు ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటిందో లేదో తెలుసుకున్నాకే తాగాలన్న సంగతిని ఇక్కడి రెండు మూడు తరాల వారు పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయి నేర్చుకున్నారు. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించిన నీరి (నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) దానికి నల్లగొండ పేరే పెట్టింది. నీటి విషయంలో ఇంత జాగ్రత్త ఉన్న మనం గాలి దగ్గరికి వచ్చేసరికి కంటిని, ముక్కును నమ్ముకుంటున్నాం. గాలిని శుభ్రం చేసే యంత్రం, అంటే ఎయిర్ ప్యూరిఫైయర్, కొన్నవారు కూడా దాని మీద వెలిగే పచ్చ దీపాన్ని చూసి గాలి బాగైందని అనుకుంటున్నారు. ఆ దీపాన్ని పక్కన పెట్టి, ఒక చిన్న మీటరు, ఒక ఊదుబత్తి, ఒక గడియారం సాయంతో యంత్రం నిజంగా ఎంత గాలిని శుభ్రం చేస్తోందో లెక్కకట్టే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. మా అమ్మకు దమ్ము (ఉబ్బసం) ఉండటం వల్ల ఆమె పడుకునే గదిలో నేను పలుమార్లు చేసి చూసిన పద్ధతి ఇది.

గాలి సమస్య ఢిల్లీదే కదా అనుకునేవారి కోసం ఒక మాట చెప్పాలి. 2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి నాణ్యత ప్రమాణాలను అందుకోలేని నగరాల జాబితాలో హైదరాబాద్, పటాన్‌చెరులతో పాటు నల్లగొండ పేరు కూడా ఉంది. వానకాలం వరి కోతలయ్యాక నవంబరు, డిసెంబరు నెలల్లోనూ, యాసంగి కోతలయ్యాక ఏప్రిల్, మే నెలల్లోనూ కొయ్యకాళ్లకు నిప్పుపెట్టినప్పుడు ఆ పొగ ఊళ్లలోకి వస్తుంది. మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల ఊక బూడిద, విజయవాడ హైవే మీద లారీల పొగ, రోడ్ల పక్క లేచే దుమ్ము వీటికి తోడవుతాయి. పాలమూరు వైపు కూడా జడ్చర్ల మీదుగా పోయే బెంగళూరు హైవే పక్కన ఇళ్లున్నవారికి ఈ దుమ్ము సంగతి చెప్పనక్కరలేదు. ఇంట్లో మనం కాల్చే దోమల కాయిల్, సాంబ్రాణి, ఊదుబత్తి, తాలింపు పొగ వేరే. మూసిన గదిలో రాత్రంతా వెలిగే దోమల కాయిల్ ఒక్కటే బయటి రోడ్డు కంటే లోపలి గాలిని ఎక్కువ పాడుచేయగలదు. యంత్రం కొనేముందు ఆ కాయిల్‌ను మాని దోమతెర కట్టుకోవడం ఖర్చు లేని మొదటి పని.

మనం కొలవబోయేది పీఎం 2.5 అనే సన్నని రేణువులను. 2.5 మైక్రోమీటర్లు, అంతకంటే తక్కువ వ్యాసం ఉన్న ఈ రేణువులు తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. ముక్కులో, గొంతులో ఆగకుండా ఊపిరితిత్తుల అడుగు వరకు పోతాయి. మన దేశ ప్రమాణం ప్రకారం ఇవి 24 గంటల సగటున ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు మించకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన హద్దును 15కు తగ్గించింది. దమ్ము ఉన్నవారి గదిలో రెండో హద్దునే లక్ష్యంగా పెట్టుకోవాలన్నది నా అభిప్రాయం.

ముందు గది లెక్క

యంత్రం పెట్టె మీద చూడవలసింది సీఏడీఆర్ అనే ఒక్క అంకె. గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలిని యంత్రం గదిలోకి వదులుతుందో అది చెబుతుంది. యంత్రంలో సన్నని నారలతో చేసిన హెపా ఫిల్టరు 99.97 శాతం రేణువులను పడుతుందన్న మాట నిజమే కావచ్చు, కానీ అది ఫిల్టరు గుండా పోయిన గాలికే వర్తిస్తుంది. గదిలోని గాలిలో పదో వంతే ఫిల్టరు గుండా పోతుంటే, ఆ 99.97 వల్ల పడుకున్న మనిషికి ఒరిగేది పెద్దగా ఉండదు.

మా అమ్మ గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10 అడుగులు. ఈ మూడింటినీ గుణిస్తే 1200 ఘనపు అడుగులు. దాన్ని 35తో భాగిస్తే సుమారు 34 ఘనపు మీటర్లు వస్తాయి. గదిలోని గాలి గంటకు అయిదుసార్లు శుభ్రం కావాలనుకుంటే 34ను 5తో గుణించాలి, అంటే సీఏడీఆర్ 170 ఉన్న యంత్రం కావాలి. పెట్టె మీద 'ఇన్ని చదరపు అడుగుల గదికి సరిపోతుంది' అని రాసే మాటను లెక్కలోకి తీసుకోకండి. మన ఇళ్లలో గది ఎత్తు ఎనిమిది అడుగులుండవచ్చు, పన్నెండు అడుగులూ ఉండవచ్చు, ఆ తేడా చదరపు అడుగుల లెక్కలో కనిపించదు. పైగా ఆ అంకె యంత్రం గరిష్ఠ వేగంతో తిరిగినప్పటిది.

పెంకుటిళ్లలో, తలుపుల మీద మూతలేని వెంటిలేటర్లున్న పాత ఇళ్లలో బయటి గాలి ఎప్పుడూ లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి, అక్కడ యంత్రం మీద డబ్బు పెట్టేముందు ఒక్క గదికైనా ఆ సందులు మూయించుకోవాలి.

పరీక్షకు కావలసినవి

లేజర్ కాంతితో రేణువులను లెక్కించే పీఎం 2.5 మీటరు విడిగా కొనుక్కోవాలి, లేదా తెలిసినవారి దగ్గర రెండు రోజులకు తెచ్చుకోవాలి. యంత్రంలోనే మీటరు ఉంది కదా అని దాని అంకె మీద ఆధారపడకూడదు. ఆ సెన్సరు యంత్రం ఒంటికే అతుక్కుని ఉంటుంది. యంత్రం వదిలిన శుభ్రమైన గాలే చుట్టూ తిరిగి దానికి తగులుతుంది కాబట్టి అది తన చుట్టూ రెండడుగుల మేర ఉన్న గాలి గురించే చెబుతుంది. ఒక డిసెంబరు రాత్రి మా యంత్రం మీద పచ్చ దీపం వెలుగుతూ 9 అని చూపిస్తుంటే, అదే సమయంలో అమ్మ దిండు పక్కన పెట్టిన మీటరు 58 చూపించింది. ఆ రాత్రి ఆమె రెండుసార్లు లేచి కూర్చుని దగ్గింది. ఆమె పీల్చే గాలి దిండు దగ్గరిది, యంత్రం దగ్గరిది కాదు.

మీటరును యంత్రానికి కనీసం అయిదారు అడుగుల దూరంలో, మంచం ఎత్తులో, ఒక స్టూలు మీద పెట్టాలి. యంత్రం వదిలే గాలి నేరుగా దానికి తగలకూడదు. సీలింగ్ ఫ్యాను అన్నిటికన్నా తక్కువ వేగంలో తిరుగుతూ ఉండాలి. అప్పుడే పొగ గదంతా సమానంగా కలుస్తుంది. దమ్ము ఉన్నవారిని, చిన్నపిల్లలను, గర్భిణులను పరీక్ష జరిగినంతసేపూ వేరే గదిలో ఉంచాలి. ఇది తప్పనిసరి. చేసేవారు కూడా మాస్కు పెట్టుకుని, మీటరు చూడటానికి మాత్రమే లోపల ఉంటే మంచిది. ఫోనును మీటరుకు ఎదురుగా నిలబెట్టి వీడియో తీస్తే అసలు లోపల ఉండవలసిన పనే లేదు.

ఎప్పుడు చేయాలన్నది కూడా ముఖ్యమే. ఈ చిన్న మీటర్లు తేమను రేణువులుగా పొరబడతాయి. గాలిలో తేమ 80 శాతం దాటితే అంకె పెరిగిపోతుంది. అందువల్ల ముసురు పట్టిన రోజుల్లో, పొగమంచు పడే పొద్దుటి వేళల్లో కాక, ఎండ ఉన్న మధ్యాహ్నం పూట, బయటి గాలి నిలకడగా ఉన్నప్పుడు చేయాలి. మొదలుపెట్టేముందు గదిలో మీటరు 30 లోపు చూపించే రోజును ఎంచుకుంటే లెక్క శుభ్రంగా వస్తుంది.

మొదటి పరీక్ష: యంత్రం ఆపి

చాలామంది వదిలేసేది దీన్నే. యంత్రం లేకపోయినా పొగ దానంతట అదే తగ్గుతుంది. కొంత సందుల్లోంచి బయటికి పోతుంది, కొంత గోడలకు, పరుపుకు, నేలకు అంటుకుంటుంది. ఆ తగ్గుదల ఎంతో తెలియకపోతే, యంత్రం చేసిన పని ఏదో, దానంతట జరిగిన పని ఏదో విడదీయలేం.

తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను తక్కువ వేగంలో పెట్టి, గది మధ్యలో ఒక ఊదుబత్తి వెలిగించండి. మీటరు 400 దాటే వరకు చూసి, బత్తిని నీళ్లున్న గిన్నెలో ముంచి పూర్తిగా ఆర్పండి. ఇంకా ఎక్కువ పొగ పెట్టడం వల్ల లాభం లేదు, ఈ మీటర్లు మరీ పెద్ద అంకెల దగ్గర సరిగా చదవలేవు. అయిదు నిమిషాలు ఆగితే పొగ గదంతా కలుస్తుంది. అంకె దిగుతూ 300కు వచ్చిన క్షణాన గడియారం చూసి రాసుకోండి. 150కు వచ్చినప్పుడు మళ్లీ రాసుకోండి. ఆ రెండింటి మధ్య నిమిషాలే గది తనంత తానుగా సగం శుభ్రపడటానికి పట్టిన కాలం. మా గదిలో అది 60 నిమిషాలు. మీకు పదిహేను ఇరవై నిమిషాలే వచ్చిందంటే గదికి ఎక్కడో పెద్ద సందు ఉన్నట్టు. తలుపు కింద, కిటికీ రెక్కల మధ్య, ఏసీ పైపు కోసం గోడకు కొట్టిన రంధ్రం దగ్గర వెతకండి.

రెండో పరీక్ష: యంత్రం నడిపి

తలుపులు తెరిచి గదిని పూర్తిగా గాలాడనిచ్చి, అన్నీ మొదటి పరీక్షలో ఉన్నట్టే ఉంచి, మళ్లీ ఊదుబత్తి వెలిగించి ఆర్పి, పొగ కలిశాక యంత్రాన్ని గరిష్ఠ వేగంలో నడపండి. ఈసారి కూడా 300 నుంచి 150కు ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. మాకు 10 నిమిషాలు పట్టింది.

ఇప్పుడు లెక్క. 42 అనే అంకెను ఆ నిమిషాలతో భాగిస్తే, గదిలోని గాలి గంటకు ఎన్నిసార్లు శుభ్రమవుతున్నట్టో వస్తుంది. (సగమయ్యే కాలానికి, తగ్గే వేగానికి మధ్య ఉన్న 0.693 అనే స్థిరాంకాన్ని 60 నిమిషాలతో గుణిస్తే సుమారు 42 అవుతుంది.) యంత్రం నడిచినప్పుడు 42ను 10తో భాగిస్తే 4.2. యంత్రం లేనప్పుడు 42ను 60తో భాగిస్తే 0.7. మొదటి దానిలోంచి రెండోది తీసేస్తే 3.5. ఇది యంత్రం ఒక్కటే చేసిన పని. దాన్ని గది ఘనపరిమాణం 34తో గుణిస్తే 119. పెట్టె మీద రాసినది 180.

అంటే చెప్పిన దానిలో మూడింట రెండు వంతులే వస్తోంది. కంపెనీవారు ఖాళీ గదిలో, గాలి బాగా కలిసేలా చేసి కొలుస్తారు, మనది మంచం, బీరువా, పరుపులున్న గది. కొంత తగ్గడం సహజమే. కానీ ఇంత తగ్గడం నాకు నచ్చక యంత్రం ఉన్న చోటు చూశాను. మంచానికి, బీరువాకు మధ్య మూలలో, గోడకు అతికినట్టు ఉంది. వెనకవైపు గాలి పీల్చే జాలీకి, గోడకు మధ్య రెండు వేళ్లు కూడా పట్టవు. దాన్ని గోడకు అడుగున్నర ముందుకు జరిపి, పీల్చే వైపు ఖాళీగా ఉండేలా తిప్పి మళ్లీ కొలిస్తే 8 నిమిషాలు వచ్చింది. 42ను 8తో భాగిస్తే 5.25, అందులోంచి 0.7 తీసేస్తే 4.55, దాన్ని 34తో గుణిస్తే సుమారు 155. పైసా ఖర్చు లేకుండా, ఒక్క జరుపుతో 36 ఘనపు మీటర్లు పెరిగాయి.

ఒక్కసారి వచ్చిన అంకెను పట్టుకుని నిర్ణయానికి రావద్దు. రెండు మూడు రోజుల మీద మూడుసార్లు చేసి మధ్య అంకెను తీసుకోండి. స్థలం మార్చినా పెట్టె మీది అంకెలో సగం కూడా రాకపోతే యంత్రంలో లోపం వెతకాలి.

ఇదే పరీక్షను రాత్రి పడుకునేటప్పుడు వాడే తక్కువ వేగంలో కూడా చేయాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇదే. నిద్ర వేగంలో మా యంత్రానికి సగం కావడానికి 30 నిమిషాలు పట్టింది. లెక్క వేస్తే గంటకు 24 ఘనపు మీటర్లు మాత్రమే. అంటే ఎనిమిది గంటలు నిద్రపోయే సమయంలో, అది అవసరమైన సమయంలో, యంత్రం ఉన్నా లేనట్టే. అప్పటినుంచి చప్పుడు కొంచెం ఎక్కువైనా మధ్య వేగంలోనే నడుపుతున్నాం. చప్పుడు పడనివారు ఒక సైజు పెద్ద యంత్రం కొని తక్కువ వేగంలో నడపడం మంచిది. కరెంటుకు భయపడనక్కరలేదు. 40 వాట్ల యంత్రం రోజుకు పది గంటలు నడిచినా నెలకు 12 యూనిట్లే.

లోపం ఎక్కడుందో వెతకడం

గదిలో మీటరు వంద పైన ఉన్నప్పుడు దాన్ని తీసుకెళ్లి యంత్రం గాలి వదిలే చోట ఒక నిమిషం పట్టుకోండి. ఫిల్టరు బాగుంటే అంకె సున్నాకు దగ్గరగా పడిపోతుంది. ఇరవై ముప్పై దగ్గర ఆగిపోతే ఫిల్టరు చుట్టూ సందుందని అర్థం. ఫిల్టరును తీసి, చుట్టూ ఉన్న రబ్బరు లేదా స్పాంజి అంచు ఎక్కడైనా మడతపడిందేమో వేలితో తడిమి చూసి, సరిగ్గా కూర్చునేలా బిగించండి.

అంకె సున్నా దగ్గరే ఉండి గాలి మాత్రం మందంగా వస్తుంటే ఫిల్టరు మూసుకుపోయి ఉండాలి, లేదా దాని మీద ఏదో అడ్డం ఉండాలి. మిర్యాలగూడలో మా మేనమామ ఇంట్లో యంత్రం నాలుగు నెలలు నడిచినా గాలిలో తేడా రాలేదని చెబితే వెళ్లి మూత తీశాను. ఫిల్టరుకు కంపెనీలో చుట్టిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. లోపలి ఫ్యాను అన్నాళ్లూ మూత సందుల్లోంచి వచ్చిన గాలినే తిప్పింది. అత్తయ్యకు అప్పటికే రెండుసార్లు ఆయాసం ఎక్కువై ఆసుపత్రికి పోవలసి వచ్చింది. కొత్త యంత్రం తెచ్చిన రోజే మూత తీసి, ఫిల్టరును చేతిలోకి తీసుకుని, కవరు లేదని కళ్లారా చూడాలి.

ఇక ఈ మీటరుకు అందని సంగతులు. పీఎం మీటరు వాయువులను చూడలేదు, హెపా ఫిల్టరు వాటిని ఆపలేదు. గ్యాస్ పొయ్యి నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్‌ను, బొగ్గుల కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌ను ఎయిర్ ప్యూరిఫైయర్ తీసేస్తుందని అనుకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. చలికాలంలో మూసిన గదిలో కుంపటి పెట్టుకునేవారికి ఏ యంత్రమూ రక్షణ కాదు. వంటగదికి ఎగ్జాస్ట్ ఫ్యాను ఒక్కటే దారి. కర్మాగారాల వాసన వచ్చే ఊళ్లలో ఉండేవారికి వాసనలను పీల్చుకునే బొగ్గు, అంటే యాక్టివేటెడ్ కార్బన్, ఉన్న ఫిల్టరు కావాలి. అది కూడా గింజల రూపంలో బరువుగా ఉన్నదైతేనే కొంతకాలం పనిచేస్తుంది. నల్లటి పలుచని గుడ్డలా ఉండే పొర కొద్ది వారాల్లోనే నిండిపోతుంది.

యంత్రంలో అయాన్ లేదా ప్లాస్మా అనే బటన్ ఉంటే ఆపేయండి. వాటిలో కొన్ని ఓజోన్‌ను పుట్టిస్తాయి. కాలిఫోర్నియా రాష్ట్రం ఇంట్లో వాడే యంత్రాల ఓజోన్‌కు వంద కోట్ల పాళ్ల గాలిలో 50 పాళ్ల హద్దు పెట్టింది. మన దగ్గర కొనేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఎక్కువసేపు నడుస్తున్న జిరాక్స్ మిషన్ దగ్గర వచ్చే ఘాటైన వాసన గదిలో వస్తే అది ఓజోన్ కావచ్చు. దమ్ము ఉన్నవారికి అది మందు కాదు, రోగానికి దోహదం.

కూలరుతో కలిపి నడపవద్దు

మార్చి నుంచి జూన్ వరకు మన జిల్లాల్లో ప్రతి ఇంట్లో కూలరు తిరుగుతుంది. కూలరు పనిచేయాలంటే కిటికీ తెరిచి ఉండాలి. అది గంటకు వేల ఘనపు మీటర్ల బయటి గాలిని లోపలికి తోస్తుంది. దాని ముందు గంటకు 155 ఘనపు మీటర్ల యంత్రం చేయగలిగింది ఏమీ లేదు, ఫిల్టరు తొందరగా నిండిపోవడం తప్ప. యాసంగి కొయ్యలు కాల్చే రోజుల్లో దమ్ము ఉన్నవారి గదిలో పొగ తగ్గేవరకు కూలరు ఆపి, కిటికీలు మూసి, ఫ్యాను, యంత్రం నడపాలి. ఎండ భరించలేని వయసు వారైతే ఏసీ ఉన్న ఇంటికి ఆ కొద్ది రోజులు పంపడం మేలు. అయితే ఏసీ గదిని రోజంతా మూసి ఉంచితే మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది కాబట్టి, బయట పెట్టిన మీటరు తక్కువగా చూపే వేళ ఒక పావుగంట కిటికీలు తెరవాలి. చలికాలంలో అది సాధారణంగా మధ్యాహ్నం పూట. పొద్దున్నే మంచుతో పాటు పొగ కూడా నేల దగ్గరే నిలిచి ఉంటుంది, చల్లగాలి కదా అని తెరవకండి.

ఫిల్టరు సంరక్షణలో ఎక్కువగా జరిగే పొరపాటు కడగడం. కూలరు గడ్డిని కడిగి మళ్లీ వాడినట్టు హెపా ఫిల్టరును నీళ్లలో ముంచితే దాని నారలు అంటుకుపోయి, రేణువులను పట్టే గుణం పోతుంది. కడగవలసింది ముందుండే జాలీని మాత్రమే, అదీ పదిహేను రోజులకొకసారి. నీడలో పూర్తిగా ఆరాకే మళ్లీ బిగించాలి. మిల్లుల దగ్గర, మట్టిరోడ్డు పక్కన ఉన్నవారు వారానికొకసారి కడగాలి.

ఫిల్టరు ఎన్ని నెలలకు మార్చాలన్నది పెట్టె మీది అంకె చెప్పలేదు. యంత్రంలో వెలిగే హెచ్చరిక చాలా వాటిలో నడిచిన గంటల లెక్క మాత్రమే. అందుకే మూడు నెలలకొకసారి రెండో పరీక్ష మళ్లీ చేసి, ఆ తేదీని, వచ్చిన నిమిషాలను ఒక కాగితం మీద రాసి యంత్రం మూత లోపలివైపు అతికించండి. మా దాంట్లో 8తో మొదలైన అంకె 9 అయింది, కోతల కాలం దాటాక 13 అయింది, ఆ వారమే మార్చాం. పాతదాన్ని వాకిట్లో దులపవద్దు. యంత్రం ఆపి, మాస్కు కట్టుకుని, ఫిల్టరును బయటికి తీస్తూనే ప్లాస్టిక్ సంచిలోకి జార్చి మూతి కట్టి చెత్తబండికి ఇవ్వాలి. యంత్రం లోపల తడిగుడ్డతో తుడిచి ఆరాక కొత్తది పెట్టాలి. మరుసటి మధ్యాహ్నం మళ్లీ ఒక ఊదుబత్తి వెలిగించి, వచ్చిన నిమిషాలను అదే కాగితం మీద కొత్త వరుసలో రాసుకోవాలి.